వేలం గెలిచాం, అమ్మకందారు పలకడం లేదు: ఏ తలుపు ఎప్పుడు తట్టాలి?

బాలాపూర్ గణపతి లడ్డూను 1994లో తొలిసారి వేలం వేసినప్పుడు 450 రూపాయలు పలికింది. 2024లో అదే పాట 30 లక్షల 1 వెయ్యి దగ్గర ఆగింది. ఇన్నేళ్లలో ధర ఎంత పెరిగినా ఒక్క సంగతి మారలేదు. పాడినవారు, పాడించినవారు, చూడవచ్చినవారు అందరూ ఒకే చోట నిలబడి ఉంటారు. పాట ముగియగానే లడ్డూ గెలిచినవారి నెత్తిమీదికి వస్తుంది. ఊరంతా చూస్తుండగా మాట తప్పడానికి ఎవరికీ వీలుండదు.

ఆన్‌లైన్ వేలంలో ఆ ఊరు లేదు. రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని, చివరి పది సెకన్లలో పాట పెంచి గెలుస్తాం. డబ్బు వెళ్లిపోతుంది. ఆ తర్వాత అటువైపు నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. సందేశం పంపితే చదివినట్టు కూడా తెలియదు. ఎదురుచూడాలా, వెబ్‌సైట్‌కు ఫిర్యాదు చేయాలా, బ్యాంకును అడగాలా, పోలీసుల దగ్గరికి వెళ్లాలా?

నేను పాత ఇంకు పెన్నులు సేకరిస్తాను. రాజమహేంద్రవరం ఎబొనైట్ పెన్నుల నుంచి ఇంగ్లండులో తయారైన పార్కర్ల దాకా, 11 ఏళ్లలో చాలావరకు వేలాల్లోనే కొన్నాను. పలకని అమ్మకందారులు నాకు పదిమందికి పైగా తగిలారు. కొందరి దగ్గర డబ్బు తిరిగి వచ్చింది, కొందరి దగ్గర పెన్నే వచ్చింది, రెండుసార్లు రెండూ రాలేదు. ఆ రెండుసార్లూ పోగొట్టుకున్నది మోసం వల్లనే అనుకునేవాణ్ణి. తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాక అర్థమైంది, ఒకసారి గడువు దాటబెట్టుకున్నాను, ఇంకోసారి వెనక్కి రాని దారిలో డబ్బు పంపాను. అందుకే ఏ మార్గం ఎంచుకోవాలో తేల్చేవి రెండే ప్రశ్నలు అంటాను: డబ్బు ఏ దారిలో వెళ్లింది? ఇవాళ్టికి ఎన్నో రోజు?

డబ్బు కట్టకముందే మౌనమైతే

ఇది అన్నిటికంటే తేలిక. పాట నడుస్తుండగా ఒక ప్రశ్న అడిగారు: పాళీ కొస అరిగిందా, మూత దగ్గర సన్నటి పగులు ఉందా అని. జవాబు రాలేదు. అయినా పాడాలా? ఫోటోల్లో ఆ జవాబు స్పష్టంగా కనిపిస్తే పాడండి, లేకపోతే వదిలేయండి. అమ్ముడుపోవాలన్న అవసరం ఉన్నప్పుడే జవాబివ్వని మనిషి, డబ్బు ముట్టాక ఇస్తాడని నమ్మడానికి ఆధారం ఏమీ లేదు.

ఇప్పటికే పాడేసి ఉంటే? మన వస్తు విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షన్ ప్రకారం సుత్తి దెబ్బతోనో, ఆనవాయితీగా వచ్చే మరో పద్ధతిలోనో వేలం ముగిసిందని ప్రకటించే దాకా పాటను వెనక్కి తీసుకోవచ్చు. వెబ్‌సైట్ల నిబంధనలు అంత ఉదారంగా ఉండవు. ఉదాహరణకు ఈబే అనే విదేశీ వేలాల వెబ్‌సైట్‌లో పొరపాటున తప్పు మొత్తం పాడితేనో, అమ్మకందారు వివరణను గణనీయంగా మార్చితేనో వెనక్కి తీసుకోవచ్చు. వేలం ముగియడానికి 12 గంటలకు మించి సమయం ఉంటే సులువు. 12 గంటల లోపు అయితే, గడిచిన ఒక గంటలో పాడిన పాటను మాత్రమే వెనక్కి తీసుకోనిస్తారు. కాబట్టి ప్రశ్న ముందు, పాట తర్వాత.

గెలిచారు గానీ పోస్టు ఖర్చు ఎంతో చెప్పమంటే అమ్మకందారు చెప్పడం లేదనుకోండి. కట్టకుండా ఊరుకుంటే తప్పు మన మీదికి వస్తుంది. ఈబేలో 4 రోజుల్లో డబ్బు రాకపోతే అమ్మకందారు ఆ అమ్మకాన్ని రద్దు చేసి, కొన్నవాడు కట్టలేదని నమోదు చేయవచ్చు. మొత్తం లెక్క పంపమని వెబ్‌సైట్ సందేశాల్లోనే అడగండి. ఫోనులోనో, సొంత ఈమెయిల్‌లోనో అడిగితే రేపు చూపించడానికి ఏమీ మిగలదు.

డబ్బు కట్టాక: ఎదురుచూడాలా, కేసు తెరవాలా?

ఇక్కడే చాలామంది తడబడతారు. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. "పాపం ఏమైందో, అప్పుడే ఫిర్యాదు ఏమిటి" అనుకుంటాం. ఆ జాలి మంచిదే. ఫిర్యాదు చేస్తే అవమానించినట్టు అనుకోవడమే పొరపాటు.

నాకు ఎదురైన రెండు సంఘటనలు చెబుతాను. ఇంగ్లండులోని ఒక పెద్దాయన దగ్గర పార్కర్ 51 కొన్నాను. 1948 నుంచి వచ్చిన రకం, లోపల లోహపు తొడుగు, దాని మీద ఎలా నింపాలో చెక్కిన అక్షరాలు: రిబ్బులున్న పట్టీని గట్టిగా 6 సార్లు నొక్కాలి అని. మూడు పనిదినాల్లో పంపుతానని రాశాడు. రెండు వారాలైనా పంపలేదు. నాలుగు సందేశాలకు జవాబు లేదు. వస్తువు చేరాల్సిన చివరి తేదీ దాటిన మర్నాడు కేసు తెరిచాను, అంటే వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు నమోదు చేశాను. రెండో రోజే ఆయన కూతురు జవాబిచ్చింది. ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. నా సందేశాలు ఆయన ఫోనులోనే ఉండిపోయాయి; వెబ్‌సైట్ పంపిన కేసు నోటీసు మాత్రం ఇంటి ఈమెయిల్‌కు వెళ్లింది. పెన్ను బల్ల సొరుగులో, చిరునామా రాసి అతికించిన కవరులో సిద్ధంగా ఉందట. ఆమె మర్నాడే పోస్టు చేసింది. నేను ఇంకా మర్యాదగా ఎదురుచూస్తూ ఉంటే ఆ కవరు ఆ సొరుగులోనే ఉండేది.

రెండోది ఇంకో విదేశీ వెబ్‌సైట్‌లో. ఆ అమ్మకందారు పూర్తిగా మౌనంగా లేడు. పది పన్నెండు రోజులకు ఒకసారి ఎంతో తీయగా రాసేవాడు. వర్షాలు, జ్వరం, పోస్టాఫీసు సెలవు, వచ్చే వారం తప్పకుండా. నేను ప్రతిసారీ సరేనన్నాను. కేసు తెరవాల్సిన గడువు దాటిన వారం తర్వాత మాటలు ఆగిపోయాయి. 6,800 రూపాయలు పోయాయి. నోరు మెదపనివాడి కంటే వాయిదాల మీద వాయిదాలు వేసేవాడే ప్రమాదకరమని అప్పటి నుంచి నా గట్టి నమ్మకం. మౌనం మనల్ని తొందరపెడుతుంది, తీపి మాట నిద్రపుచ్చుతుంది.

కాబట్టి ఎదురుచూడటం ఒక మార్గమే, కానీ దానికి ఆఖరి రోజు ఉండాలి. పంపుతానన్న గడువు దాటి రెండు మూడు పనిదినాలు చూడండి. అమ్మకందారు సెలవులో ఉన్నట్టు పేజీలో ఏమైనా రాసుకున్నాడా, అతని ఇతర వేలాలు నడుస్తున్నాయా, ఈ వారంలో ఇంకెవరికైనా సరుకు అందినట్టు ఫీడ్‌బ్యాక్ వచ్చిందా చూడండి. కొత్త వేలాలు పెడుతూ మీకు మాత్రం జవాబివ్వకపోతే ఆసుపత్రి ఊహలు పక్కన పెట్టవచ్చు. వేలంలో ఇంకో మాట ఉంది: తక్కువకు పోయిందన్న బాధ. అనుకున్న ధర రాకపోతే కొందరు వస్తువు పగిలిందనో, పోయిందనో చెబుతారు, లేదా మీరే విసిగి రద్దు చేసుకుంటారని మాట్లాడకుండా ఉంటారు. 8,000 విలువ చేసే పెన్ను మీకు 2,500కే దక్కి, ఆ తర్వాత మౌనం మొదలైతే ఈ కారణాన్ని ముందుగా అనుమానించండి.

ఒకే ఒక్క సందేశం రాయండి, నాలుగు కాదు. నేను రాసేది దాదాపు ఇలా ఉంటుంది: "ఫలానా నంబరు వస్తువుకు జనవరి 5న డబ్బు చెల్లించాను. పంపినట్టు ఇంకా కనిపించడం లేదు. 15వ తేదీలోగా ట్రాకింగ్ నంబరు ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి. అప్పటికీ తేలకపోతే, చేరాల్సిన తేదీ దాటిన మర్నాడు వెబ్‌సైట్‌కు తెలియజేస్తాను." నింద ఉండదు, బెదిరింపు ఉండదు, తేదీ ఉంటుంది. రేపు ఈ కేసును చూసే ఉద్యోగి చదివేది కూడా ఈ సందేశాన్నే.

వెబ్‌సైట్, పేపాల్, కార్డు: మూడింటి పోలిక

విదేశీ వేలాల్లో కొనేవారికి అసలైన ఎంపిక ఈ మూడింటి మధ్యనే. గడువులు వేరు, లెక్క మొదలయ్యే రోజు వేరు. గజిబిజి అంతా అక్కడే.

ఈబే డబ్బు వాపసు హామీలో, వస్తువు చేరాల్సిన చివరి తేదీ దాటాకే "వస్తువు రాలేదు" అని నివేదించనిస్తారు. ఆ తేదీ నుంచి 30 రోజుల్లో నివేదించాలి. తర్వాత అమ్మకందారుకు 3 పనిదినాలు ఇస్తారు. అప్పటికీ పరిష్కరించకపోతే మీరు వెబ్‌సైట్‌నే జోక్యం చేసుకోమని అడగాలి. ఇది తనంతట తాను జరగదు. మీరు వెళ్లి ఆ బటన్ నొక్కాలి. కేసు తెరిచేశాం కదా అని ఊరుకుని పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. పలకని అమ్మకందారు విషయంలో ఈ దారి అన్నిటికంటే వేగం. అతను నోరు విప్పకపోతే, ట్రాకింగ్ చూపించకపోతే తీర్పు దాదాపుగా మీ వైపే వస్తుంది.

ఆన్‌లైన్‌లో డబ్బు చెల్లించే సేవ పేపాల్. దాని గడువు పెద్దది. డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లో వివాదం తెరవవచ్చు. కానీ లోపల ఇంకో చిన్న గడువు ఉంది: తెరిచిన 20 రోజుల్లో దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాలే తేల్చాలని కోరే ఫిర్యాదుగా మార్చాలి. మార్చకపోతే మూసుకుపోతుంది, మళ్లీ తెరవలేరు. భారతదేశంలోని కొనుగోలుదారులు, అమ్మకందారుల మధ్య చెల్లింపులను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. కాబట్టి ఇది మనకు విదేశీ కొనుగోళ్లకే పనికొస్తుంది. డబ్బును "స్నేహితులు, కుటుంబం" పద్ధతిలో పంపితే కొనుగోలు రక్షణ ఉండదు. రుసుము తగ్గుతుందని అమ్మకందారు ఆ పద్ధతిలో పంపమంటే, మీ రక్షణను వదులుకోమని అడుగుతున్నట్టే. నేను ఒక్క రూపాయి కూడా అలా పంపను.

మూడోది కార్డు ఇచ్చిన బ్యాంకు. వీసా, మాస్టర్‌కార్డు నిబంధనల్లో సరుకు అందకపోతే వివాదం లేవనెత్తే హక్కు ఉంది. దీన్నే ఛార్జ్‌బ్యాక్ అంటారు. సాధారణంగా వస్తువు చేరాల్సిన తేదీ నుంచి 120 రోజులు గడువు. క్రెడిట్ కార్డుకే కాదు, డెబిట్ కార్డుకూ ఉంది. బ్యాంకు శాఖలో "డెబిట్ కార్డుకు అలాంటివి కుదరవు" అని తిప్పి పంపితే ఫిర్యాదు లిఖితపూర్వకంగా ఇవ్వండి. "మూడు రోజుల్లో చెప్పలేదు కాబట్టి బ్యాంకు బాధ్యత లేదు" అన్న మాట కూడా వినపడుతుంది. అది రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వుతో వచ్చిన నియమం, మనకు తెలియకుండా జరిగిన లావాదేవీలకు సంబంధించినది. మనమే ఇష్టపడి కట్టి, సరుకు అందని వ్యవహారం వేరు. ఈ రెండింటినీ కలిపేసి ఆశ వదులుకోకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక బ్యాంకు 30 రోజులు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీది ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448కు ఫోను చేస్తే ఎలాగో చెబుతారు.

బ్యాంకుకు ఇచ్చే కాగితాల్లో ఒక సంగతి గుర్తుంచుకోండి. కార్డు లెక్కలో చాలాసార్లు అమ్మకందారు పేరు ఉండదు, వేలం వెబ్‌సైట్ పేరే ఉంటుంది. అందుకని ఆర్డరు పేజీ, వేలం పేజీ, చేరాల్సిన తేదీ కనిపించే తెర, మీ సందేశం, ఇవన్నీ గెలిచిన రోజు నుంచే ఫోటో తీసి దాచుకోండి. వేలం పేజీలు కొన్నాళ్లకు మాయమవుతాయి.

తేదీలతో చెబితే ఇంకా తేటపడుతుంది. లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 5న కట్టారు, చేరాల్సిన చివరి తేదీ ఫిబ్రవరి 10. ఈబే తలుపు ఫిబ్రవరి 11న తెరుచుకుని మార్చి 12న మూసుకుంటుంది. కార్డు తలుపు సుమారుగా జూన్ 10 దాకా, పేపాల్ తలుపు జులై 4 దాకా తెరిచి ఉంటాయి. చూడగానే "పెద్ద గడువు ఉన్నదే మేలు కదా, నిదానంగా చేద్దాం" అనిపిస్తుంది. నేను దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చెబుతాను: ముందుగా మూసుకునే తలుపునే ముందు తట్టండి.

కారణం ఉంది. కార్డు ద్వారా గానీ పేపాల్ ద్వారా గానీ వివాదం మొదలుపెడితే ఈబే తన కేసును మూసేస్తుంది. కార్డు వివాదం వేస్తే పేపాల్ కూడా అంతే. రెండు పడవల మీద కాళ్లు పెట్టనివ్వరు. వెబ్‌సైట్‌లో ఓడిపోతే కార్డుకు వెళ్లే వీలు ఇంకా మిగులుతుంది. కార్డు దగ్గర ఓడిపోయి వెనక్కి వచ్చేసరికి వెబ్‌సైట్ గడువు ముగిసి ఉంటుంది. కోపం వచ్చినప్పుడు అన్ని చోట్లా ఒకేసారి ఫిర్యాదు చేయాలనిపిస్తుంది. అలా చేసిన ఒక మిత్రుడు తేలికగా గెలవాల్సిన కేసును నాలుగు నెలలు లాగించుకున్నాడు.

కార్డును ముందు ఎంచుకోవాల్సిన సందర్భం ఒకటే. వేలం వెబ్‌సైట్ చిన్నది, కొనేవారికి హామీ అంటూ రాతలో ఏదీ లేదు, లేదా వెబ్‌సైటే పలకడం లేదు. అప్పుడు నేరుగా బ్యాంకుకు వెళ్లండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లు వివాదాలకు చట్టం ఇచ్చే గడువు, ఆ ఖర్చు కనిపించే తొలి బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజులు. బ్రిటన్‌లో 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ఉన్న వస్తువుకు అక్కడి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ కింద క్రెడిట్ కార్డు సంస్థను బాధ్యురాలిగా నిలబెట్టవచ్చు, అయితే మధ్యలో వేరే చెల్లింపు సంస్థ ఉంటే అది చిక్కవుతుంది.

అమ్మకందారు ఉన్నట్టుండి పలికితే

కేసు తెరిచాక జవాబు రావడం మంచి గుర్తే. కానీ ఆ జవాబు "ముందు కేసు వెనక్కి తీసుకోండి, సాయంత్రానికి డబ్బు వేస్తాను" అన్నదైతే తీసుకోకండి. మూసిన కేసును మళ్లీ తెరవలేరు. నిజంగా ఇవ్వదలచినవాడు కేసులో నుంచే ఇవ్వగలడు, ఇచ్చిన మరుక్షణం కేసు దానంతట అదే ముగుస్తుంది. ఇదే మాట మర్యాదగా రాయండి.

ట్రాకింగ్ నంబరు ఇచ్చినా సరే, తెరిచి చూడండి. పోస్టులో అంతర్జాతీయంగా వాడే నంబరుకు మొదట రెండు ఇంగ్లిషు అక్షరాలు, తర్వాత 9 అంకెలు, చివర పంపిన దేశాన్ని తెలిపే రెండు అక్షరాలు ఉంటాయి. బ్రిటన్ నుంచి పంపానన్న పొట్లం నంబరు చివర "జీబీ" లేకపోతే ఎందుకో అడగాల్సిందే. లేబుల్ తయారైందని మాత్రమే చూపిస్తూ వారాల తరబడి కదలకపోతే పొట్లం ఇంకా అతని ఇంట్లోనే ఉంది. మరో మోసం కూడా ఉంది: మీ ఊళ్లోనే ఇంకో చిరునామాకు ఏదో ఖాళీ కవరు పంపి, "మీ ఊరికి చేరింది" అని చూపిస్తారు. అప్పుడు మీ పోస్టాఫీసుకు వెళ్లి, ఆ నంబరు పొట్లం మీ చిరునామాకు బట్వాడా కాలేదని రాసివ్వమని అడగండి. మా పోస్ట్‌మాస్టరు గారు తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు. ఆ ముద్ర ఫోటోతోనే కేసు తేలింది.

పెన్ను వచ్చింది గానీ పాళీ విరిగి ఉంది, అమ్మకందారు పలకడం లేదు అనుకోండి. దారులు అవే, ఫిర్యాదు పేరు మారుతుంది: "చెప్పినట్టు లేదు". పొట్లం విప్పేటప్పుడే వీడియో తీయడం అలవాటు చేసుకోండి. బాగు చేయించడానికి ఇవ్వకముందే ఫిర్యాదు చేయండి. చేయి పడ్డ వస్తువు గురించి ఎవరూ మన మాట వినరు.

మన దగ్గరి బృందాల్లో పాట పాడితే

ఈబే భారతీయ వెబ్‌సైట్ 2018 ఆగస్టు 14న మూతపడింది. ఆ తర్వాత నాణేలు, తపాలా బిళ్లలు, పెన్నులు, పాత పుస్తకాల వేలాల్లో చాలావరకు వాట్సాప్, ఫేస్‌బుక్ బృందాలకు చేరాయి. ఫోటో పెడతారు, కింద పాటలు రాస్తారు, రాత్రి 9 గంటలకు ముగింపు. గెలిచినవారు యూపీఐలో పంపుతారు. ఇక్కడి పరిచయాలు నాకు ఎంతో ఇష్టం, నా దగ్గరున్న మంచి పెన్నుల్లో సగం ఇలా వచ్చినవే. అయితే పైన చెప్పిన మూడు తలుపుల్లో ఒక్కటీ ఇక్కడ లేదు. మీరే పిన్ను నొక్కి ఒక వ్యక్తికి పంపిన యూపీఐ డబ్బుకు కార్డు మాదిరి వాపసు హక్కు ఉండదు. డబ్బు తెగి అటు చేరకపోతే యాప్‌లో ఫిర్యాదు పనికొస్తుంది, చేరాక సరుకు రాకపోతే కాదు. నా రెండో నష్టం ఇక్కడే.

ఇలాంటి చోట అమ్మకందారు మౌనం వహిస్తే తొలి ఆసరా బృందం నిర్వాహకుడే. నలుగురి ముందు కాకుండా ముందు ఆయనకు విడిగా చెప్పండి. బృందాన్ని శ్రద్ధగా నడిపే నిర్వాహకుడికి అమ్మకందారు ఊరూ పేరూ తెలిసి ఉంటాయి, ఫోను చేసి రెండు రోజుల్లో తేల్చిన సందర్భాలు నేను చూశాను. నిర్వాహకుడే కొత్తవాడు, అమ్మకందారు నిన్న చేరినవాడు, మిమ్మల్ని బ్లాక్ చేశాడు అంటే అది ఆలస్యం కాదు, మోసం. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. ఇక్కడ లెక్క రోజుల్లో ఉండదు, గంటల్లో ఉంటుంది. డబ్బు ఆ ఖాతాలో ఉండగానే నిలిపివేయగలిగితే తిరిగి వచ్చే ఆశ ఉంటుంది, చేతులు మారిపోయాక కష్టం. వంచన నేరం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ కిందికి వస్తుంది. పోస్టులో ఆలస్యమైన ప్రతి పొట్లానికీ ఈ దారి పట్టడం మాత్రం తగదు. అమ్మకందారు మాట్లాడుతూ ఉంటే, రసీదు చూపిస్తూ ఉంటే ఇది పోలీసుల పని కాదు.

వినియోగదారుల చట్టం సంగతేమిటి? 2019 చట్టం, దాని కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు బలమైనవే. వెబ్‌సైట్‌కు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనూ చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, కొన్న విలువ 5 లక్షల దాకా రుసుము లేదు, గడువు రెండేళ్లు. కానీ ఆ ఈ-కామర్స్ నియమాలు క్రమం తప్పకుండా వ్యాపారం చేసేవారికే. తాతగారి పెన్ను ఒక్కటి అమ్ముకున్న మామూలు మనిషికి అవి వర్తించవు. అందువల్ల దేశంలోని వేలం సంస్థో, నెలకు యాభై వస్తువులు అమ్మే వ్యాపారో పలకకపోతే 1915 మంచి దారి. బృందంలో ఒకసారి అమ్మినవాడి మీద అది అంతగా పనిచేయదు. విదేశీ వ్యక్తి మీద కమిషన్‌లో గెలిచినా అమలు చేయించడం సామాన్యులకు సాధ్యం కాదు. 3,000 రూపాయల పెన్ను కోసం ఆ శ్రమ పడమని నేను చెప్పను. 50,000 పెట్టి ఇక్కడి వ్యాపారి దగ్గర కొంటే మాత్రం తప్పకుండా వెళ్లండి.

జపాన్ వేలాల్లో పైలట్, సైలర్ పెన్నులు కొనేవారి పరిస్థితి వేరు. అక్కడ మధ్యవర్తి సంస్థ మన తరఫున పాడి, తన గోదాములో అందుకుని, మనకు పంపుతుంది. అమ్మకందారు పలకకపోతే మనం నేరుగా అడగలేం, మధ్యవర్తే అడగాలి. కనుక అక్కడ పోల్చి చూడాల్సింది మధ్యవర్తి సంస్థలనే: అమ్మకందారు పంపకపోతే డబ్బు తిరిగి ఇస్తారా, తమ రుసుము కూడా ఇస్తారా, గోదాముకు వచ్చినప్పుడు తెరిచి ఫోటో తీస్తారా.

ఫీడ్‌బ్యాక్ ఎప్పుడు?

అంతా తేలాకే. ఈబేలో ఫీడ్‌బ్యాక్‌కు 60 రోజుల గడువు, అమ్మకందారులు 2008 నుంచి కొనేవారికి చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు, కాబట్టి భయపడాల్సిన పని లేదు. డబ్బు తిరిగి వచ్చినా మౌనం గురించి రాయండి, తిట్లు లేకుండా, తేదీలతో. అయితే "ఇంత తగ్గించకపోతే చెడుగా రాస్తాను" అని ముందే బెదిరించడం నిబంధనలకు విరుద్ధం, అలా చేస్తే న్యాయం మన వైపున్న కేసు కూడా చెడుతుంది.

నేను ఇప్పుడు పాడేముందు అమ్మకందారు ఫీడ్‌బ్యాక్‌లో మొత్తం శాతం చూడను. చెడ్డవి, మధ్యస్థంగా ఉన్నవి మాత్రమే విడిగా తెరిచి, గడిచిన మూడు నెలలవి చదువుతాను. "జవాబు లేదు", "పంపలేదు" అన్నవి రెండు కంటే ఎక్కువ కనిపిస్తే ఎంత మంచి పెన్నయినా ఆ పేజీ మూసేస్తాను. తర్వాత ఒక చిన్న ప్రశ్న పంపుతాను: పాళీ కొసను పక్క నుంచి, వెలుతురులో ఇంకో ఫోటో తీసి పెట్టగలరా అని. కొందరు గంటలోనే కిటికీ దగ్గర పెట్టి తీసిన ఫోటో పంపుతారు, పాళీ కింది నాలుకలో ఎండిన నీలి సిరా కూడా అందులో కనిపిస్తుంది. అలాంటివారి దగ్గరే పాడతాను.